జైల్లో ఉన్న మనిషి ప్రాణం మీద బెంగ: దక్షిణ ఒడిశా తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు తెలుగిళ్ల నుంచి మనిషి జైలుకి వెళ్తే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది బెయిల్ గురించి. రెండో ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు: "లోపల ఏమైనా చేసుకుంటాడేమోనండీ." న్యాయసేవల పని మీద ఇలాంటి కుటుంబాల వెంట కోర్టుకీ జైలు గేటుకీ తిరుగుతుంటాను. ఆ రెండో ప్రశ్న చుట్టూ వచ్చేవన్నీ ఇక్కడ పోగుచేశాను.

ఇది చదువుతున్న మీకే బతుకు మీద ఆశ సన్నగిల్లుతుంటే ముందు 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత లైను. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతామని అడగొచ్చు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ములాఖత్‌లో "ఇక నేను ఉండను" అన్నాడు. ఈ రోజే ఏం చెయ్యాలి?

గేటు దాటకముందే చెప్పాలి. ఇంటికెళ్లి పెద్దవాళ్లతో ఆలోచిద్దాం, వకీలుని అడుగుదాం అనుకోకండి. అక్కడున్న వార్డర్‌కి చెప్పి, జైలర్‌నో సూపరింటెండెంట్‌నో కలవాలని పట్టుబట్టండి. కానీ నోటి మాటతో ఆగిపోకూడదు. డ్యూటీ మారగానే ఆ మాట ఆ వార్డర్‌తోపాటే ఇంటికి వెళ్లిపోతుంది, రాత్రి కాపలాకి వచ్చినవాడికి ఏమీ తెలియదు. జైళ్లలో జరిగిన చావుల వెనక నాకు మళ్లీ మళ్లీ కనిపించేది ఇదే: ప్రమాదం ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది, తెలిసిన సంగతి పక్కవాడికి చేరదు.

అందుకని సూపరింటెండెంట్ పేరిట తెల్లకాగితం మీద అర్జీ రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు, ఒడియా రాయగలిగినవాళ్లు పక్కనుంటే పైన రెండు వాక్యాలు ఒడియాలో రాయించండి. అతను ఏమన్నాడో అతని మాటల్లోనే రాయండి. ఎప్పుడన్నాడు, ఇంతకు ముందు ఎప్పుడైనా ప్రాణం తీసుకోబోయాడా, ఎక్కడ వైద్యం జరిగింది, ఏ మాత్రలు వేసుకునేవాడు, తాగుడు ఉందా, ఈమధ్య ఇంట్లో ఏం జరిగింది, ఇవన్నీ పడాలి. చివర ఏం కావాలో సూటిగా అడగండి: ఈ రోజే డాక్టరుకి చూపించాలి, ఒంటరిగా ఉంచొద్దు, తెలుగు తెలిసిన మనిషితో మాట్లాడించాలి.

రెండు ప్రతులు చెయ్యండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సమయం, సంతకం, ముద్ర తీసుకోండి. ముద్ర వెయ్యకపోతే గొడవపడక్కర్లేదు, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఇంకో నకలు వకీలుకివ్వండి. రిమాండులో ఉన్న మనిషిని జైలుకి పంపింది కోర్టు, కాబట్టి వైద్యం చేయించమని ఆ కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. వకీలు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. నిర్బంధంలో ఉన్నవాళ్లకి, వాళ్ల ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే ఇచ్చింది.

అలా రాసిస్తే అతని మీద ఇంకో కేసు పెడతారేమో?

ఈ భయంతోనే చాలామంది నోరు మూసుకుంటారు. ఒకప్పుడు ఆత్మహత్యాయత్నం ఐపీసీ (పాత భారతీయ శిక్షాస్మృతి) 309 సెక్షన్ కింద నేరం. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేదు. అంతకు ముందే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలని, శిక్షించకూడదని చెప్పింది. వాళ్లకి సంరక్షణ, వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని కూడా రాసింది.

ఒక్క మెలిక ఉంది. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహించకుండా ఆపడానికో, ఏదైనా చేయించుకోవడానికో ప్రాణం తీసుకునే ప్రయత్నం చేస్తే న్యాయ సంహిత 226వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష పడొచ్చు. జైల్లో ప్రతి చోటా ఉండేది ప్రభుత్వోద్యోగులే కనుక, బాధతో చేసిన పనిని "బెదిరింపు" కింద రాసెయ్యడానికి ఇది దారి ఇస్తుందని నా ఆందోళన. మీ అర్జీలో అతని మానసిక స్థితి, పాత వైద్యం ముందే నమోదై ఉంటే అలా రాయడం కష్టమవుతుంది. మీరు ముందుగా చెప్పినందుకు మాత్రం ఎవరి మీదా కేసు రాదు.

ఏ రోజుల్లో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

మొదటి రాత్రి, మొదటి వారం. ఆ తర్వాత బెయిల్ కొట్టేసిన రోజు, తీర్పు వచ్చిన రోజు, ఇంటి నుంచి చెడ్డ కబురు అందిన రోజు, వేరే జైలుకి మార్చిన రోజు. సొంత ఇంట్లోవాళ్లనే చంపాడనో, పరువు పోయే నేరమో మోపబడిన మనిషి విషయంలో ఇంకా ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. వాళ్లని చూడటానికి ఎవరూ రారు. విడుదల దగ్గరపడ్డప్పుడు కూడా ప్రమాదం ఉంటుందంటే ఎవరూ నమ్మరు గానీ, ఊళ్లో మొహం ఎలా చూపించాలన్న దిగులు అప్పుడే మొదలవుతుంది.

తాగుడు గురించి విడిగా చెప్పాలి. మన వైపు ఇప్పసారా, నాటుసారా రోజూ తాగే మనిషిని అరెస్టు చేస్తే ఆ రోజు నుంచే తాగుడు బంద్. కొన్ని గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనిపిస్తాయి, లేని గొంతులు వినిపిస్తాయి, ఎవరో చంపడానికి వస్తున్నారని పరుగులు పెడతారు. దాన్ని నాటకం అనుకుని కసురుతారు, కొన్నిసార్లు ఒంటరి గదిలో వేస్తారు. అది ప్రాణం తీయగల జబ్బు, ఆసుపత్రిలో మందులతో తగ్గే జబ్బు. మీ మనిషికి రోజూ తాగే అలవాటుంటే సిగ్గుపడకుండా అరెస్టు రోజే ఠాణాలో చెప్పండి, మర్నాడు కోర్టులో మేజిస్ట్రేటు ముందు వకీలుతో చెప్పించండి.

జైల్లో చేరగానే డాక్టరు పరీక్ష ఉంటుంది కదా, అప్పుడే తెలిసిపోదా?

1894 జైళ్ల చట్టం నాటి నుంచి చేరిక పరీక్ష ఉంది. అది ఎలా జరుగుతుందన్నదే గొడవ. సాయంత్రం కోర్టు నుంచి వ్యాను వస్తుంది. ఒక వరసలో పదిమంది. ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు, ఒంటిమీద దెబ్బలు. దెబ్బల సంగతి శ్రద్ధగా రాసుకుంటారు, ఎందుకంటే రేపు ఎవరు కొట్టారన్న ప్రశ్న వస్తే జైలు తన మీదకి రాకుండా చూసుకోవాలి. మనసు సంగతి వచ్చేసరికి ఒకే ప్రశ్న, అదీ తీసుకొచ్చిన పోలీసులు పక్కనే నిలబడి ఉండగా. తల అడ్డంగా ఊపితే "ఏమీ లేదు" అని పడిపోతుంది.

ఆ తర్వాత ఆ కాగితమే అతనికి ముద్ర. నెల గడిచాక బెయిల్ పోయి, తిండి మానేసి మూల కూర్చున్నా, రికార్డులో మాత్రం అతను బాగున్న మనిషే. ప్రమాదం రోజురోజుకీ మారుతుంది, పరీక్ష ఒక్కసారే జరుగుతుంది. కోర్టు వాయిదా నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ రెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడితే చాలు, చాలా బయటపడుతుంది. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు.

మావాడికి ఒడియా కొంచెం వచ్చు. భాష అంత పెద్ద సమస్యా?

సంతలో బేరమాడటానికి, బస్సులో టికెట్టు అడగడానికి వచ్చే ఒడియాతో మనసులోని చీకటి చెప్పుకోలేం. పర్లాకిమిడి లాంటి చోట జైలు సిబ్బందిలోనే తెలుగు తెలిసినవాళ్లు దొరుకుతారు. అదే మనిషిని కొరాపుట్‌కో ఇంకా పైకో మారిస్తే ఆ సౌకర్యం పోతుంది. సవర, కువి మాట్లాడేవాళ్లకైతే మనకంటే కష్టం. వాళ్లకి తెలుగూ ఒడియా రెండూ పరాయివే.

భాష రాని ఖైదీ గొడవ చెయ్యడు, ఫిర్యాదు చెయ్యడు, అడిగినదానికి తలూపుతాడు. జైలు లెక్కలో అతను "నెమ్మదైన మనిషి." వార్డర్ దృష్టి ఎప్పుడూ అరిచేవాళ్ల మీద ఉంటుంది గనుక ఈ నెమ్మదైన మనిషి ఎవరి కంటా పడడు. కాబట్టి అర్జీలో "ఇతనికి తెలుగులోనే బాగా మాట్లాడటం వచ్చు, వైద్య పరీక్షకి తెలుగు తెలిసినవారిని పెట్టండి" అని ఒక వాక్యం తప్పకుండా రాయండి. టెలీ మానస్ లైనుకి జైలు నుంచి కలిపించమని కూడా అడగొచ్చు.

అరెస్టు కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో చెప్పింది. తన మీద ఏ కేసు పెట్టారో, ఎన్నాళ్లు పడుతుందో తెలియని మనిషి ఉరిశిక్షే పడుతుందని ఊహించుకుంటాడు. చిన్న దొంగతనం కేసులో ఉన్న కుర్రాడు "నాకు జీవితాంతం ఇక్కడే" అని నమ్మి కూర్చోవడం చూశాను. కేసు సంగతి తెలుగులో విప్పి చెప్పిన రోజు అతను అన్నం తిన్నాడు.

చట్టం ప్రకారం జైలు ఏం చెయ్యాలి?

చాలా చెయ్యాలి. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం 500 మంది ఖైదీలకి ఒక సైకాలజిస్టో కౌన్సిలరో ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక వైద్య కేంద్రం పెట్టాలి. మానసిక జబ్బు ఉన్న ఖైదీలు లేరని ప్రతి జైలు డాక్టరూ మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య బోర్డుకి ధ్రువీకరించి పంపాలి. ఈ చివరి నిబంధన రాసిన తీరే నాకు మింగుడుపడదు. "లేరు" అని ధ్రువీకరించమన్నప్పుడు, ఉన్నవాళ్లని వెతికే ఓపిక ఎవరికుంటుంది?

1,382 జైళ్లలో అమానవీయ పరిస్థితుల మీద సుప్రీంకోర్టు 2017 సెప్టెంబర్ 15న ఇచ్చిన తీర్పులో, ముఖ్యంగా మొదటిసారి జైలుకొచ్చినవాళ్ల కోసం కౌన్సిలర్లని నియమించాలని, కుటుంబంతో కలిసే, ఫోన్‌లో మాట్లాడే అవకాశాలు పెంచాలని చెప్పింది. జాతీయ మానవ హక్కుల సంఘం 2023 జూన్‌లో అన్ని రాష్ట్రాలకీ సలహాపత్రం పంపింది: చేరికప్పుడు మానసిక ఆరోగ్యం కూడా పరీక్షించాలి, ఖాళీలు నింపాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ఖైదీలలోనే కొందరికి తోటివాళ్ల కష్టం గుర్తుపట్టడం నేర్పాలి.

జరుగుతున్నది వేరు. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం దేశం మొత్తం జైళ్లలో 5.7 లక్షల పైచిలుకు ఖైదీలకి సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు కలిపి 25 మంది. 500కి ఒకరు చొప్పున లెక్కేస్తే వెయ్యికి పైగా ఉండాలి. 2022 చివర జైళ్లు 131.4 శాతం నిండి ఉన్నాయి, లోపలున్నవాళ్లలో 75.8 శాతం ఇంకా విచారణ ఖైదీలే. అదే ఏడాది 159 అసహజ మరణాలు నమోదైతే అందులో 119 ఆత్మహత్యలు. జైళ్ల సంస్కరణల మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ 2017 నుంచి 2021 దాకా చూస్తే 817 అసహజ మరణాల్లో 660 ఆత్మహత్యలని తేల్చింది. అంటే జైల్లో హత్యలూ ప్రమాదాలూ అన్నీ కలిపినా వీటిలో నాలుగో వంతు కూడా కావు. మన జైళ్ల కాపలా అంతా గోడ దూకేవాడి కోసం, కొట్టుకునేవాళ్ల కోసం తయారైంది.

ఒంటరి సెల్‌లో పెట్టి కనిపెట్టుకుంటే భద్రం కాదా?

కాదు. "కాపాడటానికే" అని చెప్పి ఒంటరి గదిలో పెట్టడం చాలా చోట్ల జరుగుతుంది, అది ఉన్న దిగులుని పెంచుతుంది. ఒంటరి నిర్బంధం మీద సుప్రీంకోర్టు 1978లోనే సునీల్ బాత్రా కేసులో హద్దులు పెట్టింది. ఇంకో నష్టం కూడా ఉంది. బాధ చెప్పుకుంటే ఒంటరి గదే గతి అని బ్యారక్ అంతా చూస్తుంది, ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు.

ఎదుట మనుషులుండే చోట ఉంచడం, గంటకి పలుమార్లు పలకరించడం, డాక్టరు చూడటం, ఆ చూసిన సమయాలు రిజిస్టరులో రాయడం, ఇవి అడగండి. సమయాలు ముందే నింపేసిన రిజిస్టర్లు ఉంటాయి. అందుకే పలకరించిన మనిషి పేరు కూడా ఉండాలని అర్జీలో రాయమంటాను.

తోటి ఖైదీని కాపలా పెట్టామంటున్నారు. సరిపోతుందా?

తోడుగా మంచిదే, ఒక్కోసారి వార్డర్ కంటే ముందు తెలిసేది పక్కపడకవాడికే. కానీ ఆ తోడుకి శిక్షణ ఉండాలి, ఇష్టం ఉండాలి, రాత్రి పిలిస్తే పలికే ఉద్యోగి ఉండాలి. ఏమైనా జరిగితే ఆ ఖైదీ మీదకి తోసెయ్యడం మాత్రం అన్యాయం.

వాడి మాత్రలు గేటు దగ్గర తీసుకోలేదు. ఏం చెయ్యాలి?

వంశధార ఒడ్డు ఊరి తల్లి ఒకావిడ కొంగు ముడిలో మాత్రల అట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. పాత చీటీ కూడా ఉంది, నాలుగు మడతల దగ్గరా చిరిగి, ప్లాస్టిక్ కవర్లో. కొడుకు మూడేళ్లుగా వాడుతున్న మందు. "బయటి మందులు లోపలికి రావు" అన్నారు. నిబంధన నిజమే, అందుకు కారణాలూ ఉన్నాయి. కానీ చీటీ ఎవరికివ్వాలో అక్కడ ఎవరూ చెప్పలేదు. ఆవిడ అట్టని మళ్లీ కొంగులో ముడేసుకుని బస్సెక్కబోయింది. చీటీ నకలు తీయించి, "ఈ మందు ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని డాక్టరు చెప్పారు" అని జైలు వైద్యాధికారికి రెండు వాక్యాలు రాసిచ్చాం. తర్వాత అదే మందు జిల్లా ఆసుపత్రి నుంచి తెప్పించారు.

కాబట్టి మాత్రలు తీసుకెళ్లడం కంటే చీటీ తీసుకెళ్లండి. విశాఖలోనో బరంపురం మెడికల్ కాలేజీలోనో కొరాపుట్ మెడికల్ కాలేజీలోనో చూపించి ఉంటే ఆ ఓపీ కాగితం, డిశ్చార్జి కాగితం నకళ్లు జైలు వైద్యాధికారికి, వకీలుకి, కోర్టుకి. చీటీ పోయి ఉంటే ఆ ఆసుపత్రికే వెళ్లి రికార్డు నకలు అడగండి. మనోవ్యాధి మందులు కొన్ని అర్ధాంతరంగా ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాదు, మునుపటికంటే ముదురుతుంది. ఇది గేటు దగ్గర తేల్చుకునే సంగతి కాదు, రెండు మూడు రోజుల్లో పని కాకపోతే కోర్టు నుంచి ఆదేశం తెచ్చుకోవాలి.

మేం పాతపట్నంలో ఉంటాం, వాడు బరంపురం జైల్లో. నెలకోసారి కూడా వెళ్లలేకపోతున్నాం.

ఈ-ములాఖత్ ద్వారా వీడియోలో మాట్లాడటానికి అర్జీ పెట్టొచ్చు, జైలు ఫోన్ సౌకర్యంలో మీ నంబరు నమోదు చేయించొచ్చు. ఉత్తరం రాయండి. ఉత్తరాన్ని తక్కువ చేసి చూడకండి, మళ్లీ మళ్లీ చదువుకునేది అదొక్కటే. వస్తామని చెప్పిన రోజు తప్పకండి. రాలేకపోతే జైలుకి ఫోన్ చేసి కబురు చెప్పించండి. ఎదురుచూసి ఎవరూ రాని సాయంత్రం లోపలున్నవాడికి ఎంత బరువో బయట మనకి తెలియదు.

చావు కబురు, పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయిన కబురు, పొలం అమ్మిన కబురు లాంటివి దాచమని చెప్పను. కానీ చెప్పే ముందు జైలర్‌కి ఆ సంగతి తెలియజేసి, ఆ రాత్రి కనిపెట్టుకోమని అడగండి.

బెయిల్ వచ్చింది, పూచీకి స్థానికుడు కావాలన్నారు. మాకు ఒడిశాలో ఎవరూ లేరు.

సరిహద్దు కుటుంబాలని కుంగదీసేది ఇదే. బెయిల్ వచ్చిందని తెలిసీ వారాలు లోపలే ఉండిపోయే మనిషి పూర్తిగా నమ్మకం పోగొట్టుకుంటాడు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, విడుదల ఆలస్యానికి స్థానిక పూచీ పట్టింపు ఒక కారణమని, అలాంటి చోట ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చని ఉంది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. ఈ రెండూ వకీలుకి గుర్తుచేసి షరతు సడలించమని పిటిషన్ వేయించండి. విచారణే సాగిపోతుంటే, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం ఇంతకు ముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే బాండు మీద విడుదలకి అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకీ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకీ ఇది వర్తించదు. అతనికి ఈ లెక్క చెప్పండి. చేతికందే తేదీ ఒకటి ఉండాలి.

"చనిపోయాడు, రండి" అని జైలు నుంచి ఫోన్ వచ్చింది. ఏం అడగాలి?

ఆ స్థితిలో ఏదీ తోచదు. కాస్త నిబ్బరంగా ఉండగల బంధువునో, ఒడియా చదవగల మనిషినో, వకీలునో వెంటబెట్టుకు వెళ్లండి. అర్థంకాని భాషలో ఉన్న ఏ కాగితం మీదా సంతకమో వేలిముద్రో వెయ్యకండి. చదివించుకుని, తెలుగులో చెప్పించుకుని, అప్పుడు.

కస్టడీలో మరణం జరిగితే నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్ కింద జ్యుడిషియల్ మేజిస్ట్రేటు విచారణ జరగాలి. పోలీసు పంచనామాతో సరిపోదు. ఆ విచారణ సంగతి వీలైనంతవరకు బంధువులకి తెలిపి, వాళ్లని అక్కడ ఉండనివ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. మరణించిన 24 గంటల్లో జైలు నుంచి జాతీయ మానవ హక్కుల సంఘానికి సమాచారం వెళ్లాలి, ఆ సంఘం 1993 డిసెంబర్ నుంచి పెట్టిన నియమం అది. పోస్టుమార్టం వీడియో తియ్యాలని కూడా 1995లోనే చెప్పింది. వీడియో తీశారా అని అడగండి, నివేదిక నకలు రాతపూర్వకంగా అడగండి.

అదే రోజు ఇంకో అర్జీ: సీసీ కెమెరా రికార్డింగు చెరిపెయ్యకుండా భద్రపరచాలని. ఎన్నాళ్లు ఉంచుతారో ఒక్కో చోట ఒక్కో తీరు, ఆలస్యమైతే దాని మీద కొత్తది పడిపోతుంది. చేరిక నాటి వైద్య పరీక్ష కాగితం, జైలు ఆసుపత్రి రికార్డు, ఆ రాత్రి డ్యూటీ చార్టు, పలకరింపు రిజిస్టరు, మీరు ఇచ్చిన అర్జీల నకళ్లు కోరండి. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చేటప్పుడు ములాఖత్‌లో అతను చెప్పిన ప్రతి మాటా, మీరు ఎవరికి ఏ రోజు చెప్పారో చెప్పండి. తెలుగులో చెప్పే హక్కు మీకుంది, అనువదించేవారిని అడగండి.

ఆత్మహత్యే అని తేలితే జైలు బాధ్యత ఇక లేనట్టేనా?

ఈ ప్రశ్న దగ్గరే చాలా కుటుంబాలు ఓడిపోయి వెనక్కి వస్తాయి. "మేం కొట్టలేదు, వాడే చేసుకున్నాడు" అనగానే సంగతి ముగిసిందనుకుంటారు. ముగియలేదు. అతని తలుపుకి తాళం వేసింది ప్రభుత్వం. వెళ్లి డాక్టరుని చూసుకునే స్వేచ్ఛ, మనవాళ్ల దగ్గర ఏడ్చే స్వేచ్ఛ తీసేసుకున్నది ప్రభుత్వం. అవి తీసుకున్నవాడికి ఆ ప్రాణాన్ని చూసుకునే బాధ్యత కూడా వచ్చింది. అడగాల్సినవి ఇవి: ప్రమాదం ఉందని ఎవరికి తెలుసు? తెలిసే వీలు ఎవరికుంది? తెలిశాక ఏం చేశారు? ఎంతసేపటికి చూశారు, చూశాక ప్రథమ చికిత్స ఎవరు చేశారు, అంబులెన్సు ఎప్పుడొచ్చింది?

ఈ బాధ్యతకి గట్టి పునాది వేసిన కేసు ఒడిశాదే. సుందర్‌గఢ్ జిల్లాలో 1987 డిసెంబర్‌లో పోలీసులు తీసుకెళ్లిన 22 ఏళ్ల కొడుకు మర్నాడు రైలు పట్టాల దగ్గర శవమై దొరికితే, అతని తల్లి నీలబతి బెహెరా సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాసింది. పారిపోతూ రైలు కింద పడ్డాడన్న కథని కోర్టు నమ్మలేదు. 1993లో లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రాణహక్కు భంగమైతే రాజ్యమే పరిహారం ఇవ్వాలన్న సూత్రం అక్కడ స్థిరపడింది. అది కస్టడీలో కొట్టి చంపిన కేసు. కానీ 2017 తీర్పు జైళ్లలో అసహజ మరణాలన్నిటికీ, ఆత్మహత్యలతో సహా, దారి తెరిచింది. 2012 నుంచి 2015 దాకా అలా పోయినవాళ్ల కుటుంబాలని గుర్తించి పరిహారం ఇప్పించేందుకు హైకోర్టులే స్వయంగా కేసు నమోదు చేసుకోవాలని చెప్పింది.

పరిహారం కోసం ఎక్కడికి వెళ్లాలి? ఢిల్లీ దాకా తిరగలేం.

తిరగక్కర్లేదు. జాతీయ మానవ హక్కుల సంఘానికి ఫిర్యాదు తెలుగులోనే రాసి పంపొచ్చు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటినీ తీసుకుంటారు. రుసుము లేదు. ఘటన జరిగిన ఏడాదిలోగా పంపాలి, అది దాటితే తీసుకోరు. కటక్‌లోని హైకోర్టులో రిట్ వేయాలంటే హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉచితంగా వకీలుని ఇస్తుంది. జైలు కాగితాలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మనిషి బతికుండగా ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. ఇది చాలామంది వకీళ్లే వాడరు.

తప్పంతా వార్డర్లదేనా?

కాదు. ఖాళీలు నింపక, ఒకరి చేత ఇద్దరి పని చేయిస్తే రాత్రి రెండింటికి ఏ మనిషి కన్నయినా మూతపడుతుంది. దిగులు ఎలా ఉంటుందో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. అర్జీ తీసుకుని లోపలికి పరుగెత్తిన వార్డర్లనీ చూశాను. విచారణలు మాత్రం చివరి ఉద్యోగి సస్పెన్షన్‌తో ఆగిపోతాయి. పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ, ఎవరి బల్ల మీద ఆ ఫైలు ఆగింది అన్నదాకా వెళ్లవు.

విడుదలై ఇంటికొచ్చాడు. ఇక భయం లేదు కదా?

ఉంది, మొదటి కొన్ని వారాలు ముఖ్యంగా. విడుదల రోజు గేటు దగ్గరికి ఎవరో ఒకరు తప్పకుండా వెళ్లండి. సాయంత్రం వదిలితే బస్సులు ఉండవు, ఒంటరిగా రాత్రంతా బస్టాండులో కూర్చునే మనిషిని చేయకండి. ఊళ్లోవాళ్లు మాటలంటారు, మొదటి పదిరోజులు ఇంట్లో ఒకరు వెంట ఉండేలా చూసుకోండి. తాగుడు మళ్లీ మొదలవుతోందేమో గమనించండి. లోపల మానసిక వైద్యం నడిచి ఉంటే ఆ కాగితం, మిగిలిన మాత్రలు అడిగి తీసుకోండి, వారంలోగా జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. జైలు కాగితం ఇవ్వకపోతే కనీసం మందు పేరు, మోతాదు వైద్యాధికారి చేత రాయించుకోండి. లోపల ఏ మందు నడిచిందో బయటి డాక్టరుకి తెలియకపోతే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలో వారాలు పోతాయి.